రాగిపిండి దిండు

హెలికాప్టర్ పూర్తిగా ఆగలేదు. తలుపు తెరిచారు, మమ్మల్ని దింపారు, మూటలు విసిరారు, వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన నిశ్శబ్దానికి చెవులు నొప్పెట్టాయి. చుట్టూ తెలుపు. ఆకాశం ఎంత ముదురు నీలమంటే నల్లగా కనిపించింది. మేఘాలు మా కాళ్ల కింద పోతున్నాయి. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని, ఊరు పుంగనూరు. పదడుగులు వేసి మంచులో కూలబడ్డాను.

నాతో దిగినవాడు మెషిన్‌గన్నర్, కుప్పం వైపువాడు. పోస్టులో అందరికీ వాడు కుప్పమోడే. భుజాన ఆయుధం, చంకలో రాగిపిండి సంచి. వాళ్లమ్మ కట్టిచ్చింది.

ఇప్పుడు మదనపల్లెలో నా మందుల షాపుకు వచ్చేవాళ్లు అడుగుతుంటారు, ఆ మంచుకొండల్లో శత్రువులు కనపడతారాప్పా అని. నాకైతే ఒక్కడూ కనపడలేదు. అంత ఎత్తులో ముందు చచ్చేది ఆకలి. అన్నం చూస్తే వాంతి వస్తుంది. మనిషి తన కండను తానే కరిగించుకుంటాడు.

అందుకే ఆ ఏడాది మా తిండి మీద పరిశోధన పెట్టారు. కింద బేస్‌లో ఉండే డాక్టరమ్మ కొత్తరకం పొట్లాలు పంపింది. నూనె, గింజలు, పాలపొడి కలిపి అచ్చుపోసిన బిళ్లలు. అవి తింటే బరువు నిలుస్తుందా, ఒంట్లో సత్తువ ఉంటుందా అన్నది తేల్చాలి. అందరం ఒప్పుకునే సంతకాలు పెట్టాం. పరీక్ష ముగిసేదాకా ఇంటి తిండి ముట్టకూడదు. రాగిపిండి సంచికి నేనే సీలు వేశాను. కుప్పమోడు దాన్ని దిండు చేసుకున్నాడు.

ఉదయం బరువు చూసేవాణ్ని. తర్వాత ఒక్కొక్కరు తాడు పట్టుకుని గన్ పెట్టిన చోటిదాకా ఎక్కి దిగాలి, నేను నాడి పట్టుకోవాలి. ఆ తెలుపులో రోజులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయేవి. నిద్రకీ మెలకువకీ మధ్య గట్టు ఉండేది కాదు. అందరికీ తిండి కలలే. నాకు టమోటా లారీలు వచ్చేవి, మదనపల్లె మార్కెట్ దారిలో ఎర్రగా, బారులుగా, ఎండ వాసనతో. లేచేసరికి గడ్డం మీద మంచు. కుప్పమోడి కల మాత్రం ఎప్పుడూ ఒకటే. వాళ్లమ్మ రాగిసంగటి కెలుకుతుంటుందట, ఆవిరికి ఆమె ముఖం కనపడదట. పిండి మీద తల పెట్టుకుంటే ఇంకేం కలలొస్తాయిరా అని ఏడిపించేవాళ్లం.

వాడి బరువు తగ్గుతోంది. తింటున్నాడు, అయినా తగ్గుతోంది. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. బిళ్లను వేడినీళ్లలో మెత్తబెట్టాడు, ముద్ద చేశాడు, అలాగే మింగేశాడు.

"నమలవేందిరా?"

"సంగటి యాడన్నా నముల్తారాప్పా?"

నిజమే, మా వైపు సంగటి నమిలేవాణ్ని చూసి నవ్వుతారు. అయితే అది సంగటి కాదు కదా. ఆ నూనె ముద్దలు అంత ఎత్తులో అరగక కడుపులో రాళ్లలా కూర్చున్నాయి. మరునాటి నుంచి వాంతులు. నమిలి తినమన్నాను. అప్పటికే బిళ్ల వాసనకే వాడికి కడుపు తిప్పేస్తోంది.

అప్పుడే తుఫాను దిగింది. హెలికాప్టర్ రాదు. ఉన్న రెండు గ్లూకోజ్ సీసాలు నా చొక్కా లోపల పెట్టుకుని కరిగించి ఎక్కించాను. అవీ అయిపోయాయి. వాడు లేచి కూర్చోలేకపోయాడు. నాడి సన్నగా పరుగెత్తుతోంది. వీడు నా చేతుల్లోనే పోతాడేమోనని భయమేసింది.

మధ్యాహ్నం రేడియోలో డాక్టరమ్మ దొరికింది. గరగర మధ్య ఒక్కో మాటా ఏరుకోవాల్సి వచ్చింది. జ్వరమొస్తే ఇంట్లో ఏం తాగిస్తారని అడిగింది. రాగి అంబలి అన్నాను. పిండి ఇక్కడే ఉంది, సీలు వేసి ఉందన్నాను.

"సీలు తెంపు. అతన్ని పరీక్షలోంచి తీసేస్తున్నాను. కొంచెం కొంచెంగా పట్టు. ఓవర్."

కుప్పమోడు సంచి మీది నుంచి తల ఎత్తనన్నాడు.

"వద్దప్పా. ఆ డాక్టరమ్మ అంత కష్టపడి సేస్తాండాది. నేను తింటే అంతా పాడైపోతాది."

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

"నువ్వు పోతే మీయమ్మకు నేనేం సెప్పాల?"

తల ఎత్తాడు.

అక్కడ నీళ్లు తెర్లి బుడగలొస్తాయి గానీ చాలినంత వేడెక్కవు. కెలుకుతూనే ఉన్నాను. స్టవ్‌కు గాలి తగలకుండా మా పోస్టు పెద్ద, సుబేదార్, దుప్పటి అడ్డం పట్టుకున్నాడు. మజ్జిగ లేదు, ఉల్లిగడ్డ లేదు. ఉప్పు వేశాను. బంకర్ నిండా మా ఊరి వాసన లేచింది. ఆవిరిలో నా చేతులు కూడా నాకు కనపడలేదు. కాసేపు ఎక్కడున్నానో తెలియలేదు.

తుఫాను తగ్గాక వాణ్ని కిందికి పంపాం. తర్వాత నా వంతూ ముగిసింది. పుంగనూరులో బస్సు దిగి గాలి పీలిస్తే, గాలి ఇంత చిక్కగా ఉంటుందా అనిపించింది. పరీక్ష ఫలితం నాకు తెలియదు. కొత్త పొట్లాల మీద 'బాగా నమిలి తినండి' అని అచ్చు వేశారని మాత్రం విన్నాను. కుప్పమోడు ఇప్పుడు ఊళ్లో మేకలు పెంచుకుంటున్నాడు. ఫోన్‌లో ఆ నమలడం మాట ఎత్తితే కోప్పడతాడు.

నాకు మాత్రం ఇప్పటికీ, షాపులో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో, అదే కనపడుతుంది. బంకర్ మూతిలోంచి పడుతున్న తెల్లటి వెలుగు. వాడి ఎండిపోయిన గొంతు. మొదటి చెంచా అంబలి లోపలికి పోయింది. గొంతు కదల్లేదు. సుబేదార్, రేడియో ఆపరేటర్, నేను, ముగ్గురం ఆ గొంతునే చూస్తున్నాం. అది మెల్లగా పైకి లేచింది, కిందికి దిగింది. మా గొంతులు కూడా దాంతోపాటే దిగాయి.