తెనాలి తెర మీద ఎర్రచుక్క

తొంభైల చివర్లో తెనాలిలో ఒక పార్సిల్ ఆఫీసు కంప్యూటర్లు నా చేతికింద ఉండేవి. బాపట్లలో ఒక కౌంటరు, రేపల్లెలో ఒక కౌంటరు. మూడు ఊళ్లలోనూ ఒకటే బుకింగ్ ప్రోగ్రాం. అది ఎక్కడైనా ఆగిందేమో తెనాలి నుంచే కనిపెట్టడం నా పని. దానికి నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్ అని ఒక పద్ధతి ఉంది. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. అయిదు నిమిషాలకోసారి నా మిషను ఫోను లైను మీద ఆ రెండు మిషన్లనూ పలకరించి, రెండు సంగతులు అడుగుతుంది: నువ్వు బాగున్నావా, నీలో బుకింగ్ ప్రోగ్రాం నడుస్తోందా? రెండింటికీ విడివిడిగా జవాబులొస్తాయి. అవునంటే నా తెర మీద పచ్చచుక్క, కాదంటే ఎర్రచుక్క. అంతకుమించి ఒక్క ముక్క తెలియదు.

ఇంత చప్పగా చెబితే నన్నెవరు లెక్కచేస్తారు? రేపల్లెలో మిషను బిగించిన రోజు కౌంటర్లో ఉండే అక్కయ్యకి నా ధోరణిలో చెప్పాను. చేతిరాత బిల్లుల కాలం నుంచీ ఆ కుర్చీ ఆవిడదే.

"ఈ వైర్లోంచి మాకు అన్నీ కనపడతాయక్కా. నిన్న బాపట్ల కౌంటర్లో ఆయన గోంగూరలో ఉల్లిపాయ ఎక్కువ నంజుకుంటుంటే, ఫోన్ చేసి ఆపాను."

"అమ్మో! కూర కూడానా?"

"ఉప్పు తగ్గినా తెలుస్తుంది."

వారం తిరక్కుండానే, రోజూ ఒంటిగంటకి రేపల్లె ప్రోగ్రాం చుక్క ఎర్రబడటం మొదలైంది. మిషను చుక్క మాత్రం పచ్చగానే ఉండేది. అరగంటకి ప్రోగ్రాం తనే లేచేది. నాకు అంతు చిక్కలేదు. యజమాని మాత్రం అంతు తేల్చేశాడు.

"ఏంటయ్యా ఇది? బాపట్లోళ్లు సరుకొచ్చిందా అని అడిగేది ఆ టైముకే. ఆవిడకి కంప్యూటరు చేతకావట్లేదు. ఒకటో తారీకు నుంచి ఇంకొకర్ని పెడదాం."

మర్నాడే రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ఒంటిగంట కొట్టగానే అక్కయ్య ప్రోగ్రాం పద్ధతిగా మూసి, క్యారేజీ విప్పింది.

"అదెందుకు మూశారక్కా?"

చటుక్కున గిన్నె మీద మూత పెట్టింది. "మరేంటి తమ్ముడూ! తెనాల్లో మీరందరూ చూస్తంటే ముద్ద ఎట్టా దిగుద్ది? మొన్న చేపల పులుసు తెచ్చుకున్నా. అంతమంది కళ్లు పడితే అరుగుద్దా? దిష్టి కాదూ! అందుకే తలుపేసుకుని తింటన్నా."

నా కోతలు ఒకరి కూడు మీదికి రావడం అదే మొదలు. "అక్కా, ఒట్టు. ఏమీ కనపడదు. నేను అల్లి చెప్పాను" అన్నాను.

"పోనీలే, నా మనసు నొచ్చుద్దని అంటన్నావు" అంది జాలిగా.

ఒకటో తారీకు సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ క్యారేజీ పక్కకి నెట్టేసింది. "కాస్త చూడు తమ్ముడూ" అని మాత్రం అంది.

తెనాలి తిరిగొచ్చి యజమాని ముందు చేతులు కట్టుకుని అంతా ఒప్పుకున్నాను.

"అయితే తీసెయ్యాల్సింది నిన్నన్నమాట."

"అవునండి."

"రేపు ఒంటిగంటకి నీ పక్కన కూర్చుంటా. చుక్క ఎర్రబడిందా, ఇద్దరూ ఇంటికే."

అప్పటికప్పుడు రేపల్లెకి ఫోన్ చేసి, ఏం చేసినా సరే, ప్రోగ్రాం మాత్రం మూయొద్దని బతిమాలాను. నన్ను నమ్మని మనిషికి అంతకన్నా ఏం చెప్పగలను?

మర్నాడు ఒంటిగంట. పచ్చ. అయిదు నిమిషాలు, పచ్చ. పది, పచ్చ. యజమాని లేచి భోజనానికి వెళ్లిపోయాడు. నేను ఫోనందుకున్నాను.

"అక్కా, తినలేదా?"

"తింటన్నా తమ్ముడూ. ప్రోగ్రాం మూయలా, తెర మీద దుప్పటి కప్పా. ఏదీ, ఏం కూరో చెప్పు చూద్దాం!"

"తెలియట్లేదక్కా."

అటునుంచి తృప్తిగా ఒక నవ్వు. నేను చెప్పిన నిజాల్లో ఆవిడ నమ్మింది అదొక్కటే.