అత్త కుర్చీ

మగవాళ్ల వార్డులో కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. అందులో ఎవరూ కూర్చోకూడదు. ఎందుకంటే అందులో ఒకావిడ ఎప్పుడూ కూర్చునే ఉండేది. ఆవిడ ఎవరికీ కనిపించకపోవడం ఆవిడ తప్పు కాదు.

ఆ కుర్చీ వేసింది వార్డు నర్సు. ఆసుపత్రి ఆమెకు ప్రసాదించిన బిరుదు 'మళ్లోసారి సిస్టర్'. బీపీ చూస్తుంది, మళ్లోసారి చూస్తుంది. సెలైన్ సీసా మీద పేరు చదువుతుంది, మళ్లోసారి చదువుతుంది. చేరిన కొత్తలో ఒక రోగి గురక ఆగిపోయిందని డాక్టరును పరుగులు పెట్టించింది. ఆయన ఆయాసపడుతూ వచ్చి, పక్కకు తిరిగి పడుకున్నవాడు గురక పెట్టకపోయినా బతికే ఉంటాడని గంభీరంగా నిర్ధారించి వెళ్లాడు.

అన్నిటికీ ఉలిక్కిపడే కంటికి అసలు ప్రమాదం ఆనదని ఆమెకూ తెలుసు. కానీ భయాన్ని పొమ్మంటే అది మరింత సర్దుకుని కూర్చుంది.

చివరకు మందు ఇంట్లోనే దొరికింది. వాళ్ల మేనత్తకు ప్రతిదానికీ కంగారే. "గ్యాసు కట్టారా? తలుపు వేశారా?" అని ఇల్లంతా తిరిగేది. నాన్న పేపరు దించకుండా అడిగేవాడు: "ఏం చూశావక్కా?" చాలాసార్లు ఆవిడ "ఏం లేదురా, ఊరికే" అని కూలబడేది. ఎప్పుడో ఒకసారి "వాసనొస్తోందిరా" అనేది. అప్పుడు పేపరు కిందికి దిగేది.

ఈ పద్ధతిని మళ్లోసారి సిస్టర్ యథాతథంగా వార్డులోకి దిగుమతి చేసుకుని, తన భయానికి ఆ కుర్చీ వేసింది. గుండె దడదడలాడగానే కుర్చీ వైపు తిరిగి, "ఏం చూశావత్తా?" అని మెల్లగా అడిగేది. జవాబు తోచకపోతే "సరే, కూర్చో" అనేది. తోస్తే కదిలేది. డాక్టరుకు పరుగులు తగ్గి ఒళ్లొచ్చింది.

చిక్కల్లా ఆ పిలుపు ఆయా చెవిన పడటం. పెళ్లికాని పిల్లకు అత్తెక్కడిదని ఆయా నివ్వెరపోయింది. ఆ నివ్వెర వంటగది మీదుగా మేట్రన్ గదికి చేరేసరికి దానికి రహస్య వివాహం, గయ్యాళి ఆడపడుచు, వేరు కాపురం కూడా తోడయ్యాయి.

సరిగ్గా అప్పుడే వార్డు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. మళ్లోసారి సిస్టర్‌కు దాని మీదే ప్రాణం. మేట్రన్ మాత్రం ఆమెను దుప్పట్ల గదికి పంపాలని చూస్తోంది. దుప్పట్లకు బీపీ ఉండదు కనుక కంగారు మనుషులకు అవే క్షేమమని ఆవిడ సిద్ధాంతం.

ఆ ఉదయం మేట్రన్ నేరుగా వచ్చి, ఆ కుర్చీలోనే కూర్చుంది. వార్డంతా ఊపిరి బిగబట్టింది.

"పెళ్లెప్పుడైంది?"

"ఎవరికి మేడమ్?"

"నీకే! చెప్పకుండా పెళ్లి చేసుకో, నీ ఇష్టం. అత్తగారిని తెచ్చి వార్డులో కూర్చోబెడితే మాత్రం ఊరుకోను."

"అత్తగారు కాదు మేడమ్, అత్త. అంటే మా మేనత్త. అంటే... ఆవిడ కూడా కాదు. నా భయం."

మేట్రన్ కళ్లు మూసుకుని తెరిచింది. "సాయంత్రం వచ్చి దుప్పట్ల గది తాళాలు తీసుకో."

సిస్టర్ గుండె దడదడలాడింది. అలవాటు కొద్దీ కుర్చీ వైపు తిరిగింది.

"ఏం చూశావత్తా?"

"నన్నేనా?" అంది మేట్రన్.

తాళాల భయం ఉండనే ఉంది. దాన్ని పక్కకు జరిపితే, దాని వెనక ఇంకోటి నిలబడి ఉంది. ఇంత తమాషా జరుగుతుంటే దర్జీ నోరు మెదపలేదేం?

దర్జీ అంటే షుగరు రోగి, కాలి పుండుకు రోజూ కట్టు కట్టించుకుంటున్నాడు. చేరిన దగ్గర్నుంచీ వచ్చేపోయే వాళ్ల కాలర్లకు వంకలు పెట్టడమే ఆయన పని. సిస్టర్ చరచరా వెళ్లింది. ఆయన నుదుటి నిండా చల్లటి చెమట. చూపు నిలవడం లేదు. పొద్దున ఇన్సులిన్ పడింది, టిఫిను పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. వేలు పొడిచి చూస్తే షుగరు బాగా పడిపోయింది.

"బాబాయ్, మింగగలవా? ఊఁ అను."

"ఊఁ."

"ఆయమ్మా, డాక్టరుగారిని పిలు!" అంటూనే గ్లూకోజు నీళ్లు పట్టించింది. డాక్టరు వచ్చేసరికి దర్జీ ముఖంలో కళ వస్తోంది. కాసేపాగి సిస్టర్ మళ్లోసారి షుగరు చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

దర్జీ లేచి కూర్చుని మేట్రన్‌ను ఎగాదిగా చూశాడు.

"ఆ కోటు ఎవడు కుట్టాడమ్మా? ఎడమ భుజం ఏడుస్తోంది."

అప్పుడు మాత్రం వార్డు గొల్లుమంది. మేట్రన్ భుజం తడుముకుంది, ఆపుకోలేక తనూ నవ్వింది.

"ఆయన మాట్లాడట్లేదని నీకెలా తట్టింది? నేనూ ఇక్కడే ఉన్నానుగా."

"అత్త చెప్పింది మేడమ్. అడిగితే చెబుతుంది. అడక్కపోతే అరుస్తుంది."

మేట్రన్ కుర్చీలోంచి లేచి, దాన్ని చేత్తో దులిపింది.

"వార్డు నువ్వే చూసుకో. తాళాలు ఇంకెవరికైనా ఇస్తాలే. ఈవిడ మాత్రం ఇక్కడే ఉండాలి."

ఆయాకు ఒక్కటే దిగులు. "అయితే పెళ్లి కాలేదన్నమాట," అంటూ టీ తెచ్చింది. సిస్టర్ చేతికొక కప్పిచ్చి, రెండోది పట్టుకుని కుర్చీ ముందు ఆగింది.

"అత్తకి పంచదార వెయ్యొచ్చా, లేక ఆవిడక్కూడా షుగరా?"