ధైర్యం మాస్టారి బ్రేకు

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ ధైర్యం మాస్టారు అంటారు. ఎవరు పెట్టారో గానీ, ఆ పేరు వినపడితే చాలు, ఛాతీ ఉబ్బిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా "భయంగా ఉంది సార్" అన్నారా, ఇక చచ్చారే. "భయమా? నా కార్లో ఆ మాట వినపడకూడదు. భయపడేవాళ్ళు ఇంట్లో ముసుగు తన్ని పడుకోవాలి" అని మొదలుపెట్టి, వీధి చివరిదాకా వాయిస్తూనే ఉంటాడు.

ఇంతకీ ఈ మహానుభావుడు స్టీరింగ్ పట్టుకుని ఏళ్ళు గడిచాయి. ఒకసారి వానలో కారు జారి డివైడరెక్కింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ముందు బంపరు సొట్టపోయింది, అంతే. ఆ రోజు నుంచి డ్రైవరు సీట్లో కూర్చుంటే తాళం తిప్పడానికి చెయ్యి రాదు. సెలవు రోజున ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్ళాలంటే "వారమంతా కార్లోనే కదా, ఇవాళ కూడానా" అని విసుక్కుని అందరినీ బస్సెక్కిస్తాడు. భయపడటం తప్పేమీ కాదు, ఎవరికైనా వస్తుంది. తన భయాన్ని చెప్పుకోలేక, చెప్పుకున్నవాళ్ళని పిరికిపందలని తిట్టి పరువు కాపాడుకోవడం మాత్రం ఒట్టి నీచం.

నేర్పే కార్లో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, ప్రమాదం ముంచుకొస్తే తొక్కడానికి. మాస్టారికి కుక్క కనపడినా ప్రమాదమే, మలుపు వచ్చినా ప్రమాదమే. ఏమీ రాకపోతే ఏదో రాబోతోందని అనుమానం. నేర్చుకునేవాళ్ళ కాలు కదిలేలోపే ఆయన కాలు పని కానిచ్చేస్తుంది. పైగా "చూశావా, ఎంత బాగా ఆపావో" అని మెచ్చుకోలు! పాపం, వాళ్ళు నిజమేననుకుంటారు. తీరా పరీక్ష రోజున, రెండో బ్రేకు లేని కార్లో, ఆగాల్సిన చోట ఆగక ఒకరి వెనక ఒకరు తప్పుతారు. "పిరికి సరుకు, నేనేం చేయను?" అని మాస్టారు చేతులు దులిపేసుకుంటాడు.

స్కూలు ఓనరు ఆయన బావమరిదే. ఓపిక నశించి ఒక రోజు తెగేసి చెప్పాడు. "బావా, ఆ ఆస్పత్రి నర్సమ్మ ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పిందంటే నేను వేరే మాస్టార్ని చూసుకుంటా. తర్వాత అక్కతో చెప్పించినా వినను."

మర్నాడు ధైర్యం మాస్టారు కారెక్కేసరికి నర్సమ్మ సీటు సర్దుకుంటోంది. నడివయసు మనిషి. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళే పని అప్పగిస్తామని, కారు నడపడం రావాలని ఆస్పత్రి వాళ్ళు అన్నారట. భయాన్ని దాచుకునే అలవాటు ఆమెకి లేదు.

"చచ్చేంత భయంగా ఉంది సార్. మొదట్లో సూది పట్టుకున్నప్పుడూ ఇంతే, చేతులు వణికిపోయేవి. పొడవగా పొడవగా కుదిరింది."

"రోగులేమయ్యారు?"

"ఓర్చుకున్నారు, పాపం. అది సరే గానీ సార్, పోయినసారి నా కాలు అసలు బ్రేకు మీదకే పోలేదని పరీక్ష పెట్టినాయన అన్నాడు. ఇక్కడేమో దానంతటదే ఆగేది. ఇవాళ మీరు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటారా?"

"నాకే పాఠాలా?" అని ఇంతెత్తున లేచాడు. అంతలోనే బావమరిది మొహం గుర్తొచ్చి చప్పబడిపోయాడు. చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

వీధి దాటేదాకా బాగానే ఉంది. పెద్ద రోడ్డు పల్లంలోకి దిగుతుంది, కింద సిగ్నలు. ఎర్ర దీపం పడింది. కారు జోరందుకుంది. "బ్రేకు! అమ్మా, బ్రేకు!" అని మాస్టారు పొలికేక పెట్టి, కళ్ళు మూసుకుని రెండు చేతులతో తలుపు పిడిని వాటేసుకున్నాడు. కారు పెద్ద కుదుపుతో, గీతకి ఇవతలే ఆగింది. ఆపింది నర్సమ్మ కాలే.

పచ్చ దీపం పడ్డాక ఆమె మెల్లగా దాటించి, కారు పక్కకి ఆపిందో లేదో, ధైర్యం మాస్టారు తలుపు తోసుకుని దిగిపోయాడు. ఫుట్‌పాత్ మీద ఎటు పోతున్నాడో తెలియకుండా గబగబా నడుస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళందరికీ ధైర్యం నూరిపోసిన మనిషి వాలకం అదీ! నర్సమ్మ కారుని ఆయన పక్కనే పోనిచ్చి అద్దం దించింది.

"సార్, చెప్పులు."

ఆయన ఆగాడు. "నీకు భయం పోయిందా?"

"ఎక్కడ పోయింది? అలాగే ఉంది. ఎక్కండి, కాళ్ళు కాలిపోతాయి."

ఆయన వెనక తలుపు తీసి, వెనక సీట్లో కూర్చున్నాడు.

స్కూలు ముందు కారు ఆగగానే బావమరిది బయటికొచ్చాడు. "ఏంటి బావా, పెళ్ళికొడుకులా వెనక కూర్చున్నావ్?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో బయటికి రాలేదు.

"ముందు కూర్చుంటే నా కాలు ఊరుకోదురా. అందరి బ్రేకూ నేనే తొక్కేస్తున్నా. ఆ రోజు కారు జారినప్పటి నుంచీ నాకు భయం."

ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాడు. బావమరిది తల గోక్కున్నాడు.

"భయం సంగతి తెలుసు బావా, అక్క అప్పుడే చెప్పింది. కాలు సంగతే తెలియదు. సరేలే, ఈవిడ గట్టెక్కేలా ఉంది, నీ ఉద్యోగానికేం ఢోకా లేదు."

మాస్టారు సీట్లోంచి లేవలేకపోయాడు. భార్యకి తెలుసు, బావమరిదికి తెలుసు. తెలియనిదల్లా, పరీక్ష తప్పి, తాము పుట్టు పిరికివాళ్ళమని నమ్మి, మళ్ళీ స్టీరింగ్ జోలికే పోకుండా ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళకే.