ఖాళీ బండి అబద్ధం చెప్తది

మొయినాబాద్‌లో గ్లాసు, అల్యూమినియం దుకాణం నడిపే వీరేశానికి ఒకే ఒక్క పిచ్చి. బాగుచేసిన బండిలో నిండా మనుషుల్ని ఎక్కించి తిప్పితే తప్ప దాన్ని ఓనరు చేతికివ్వడు. కారు డోరుకు రబ్బరు మార్చినా అంతే, ఆటోకు అద్దం వేసినా అంతే. "ఖాళీ బండి అబద్ధం చెప్తది" అనేది ఆయన వేదవాక్కు. మనుషుల బరువు పడితే గానీ బండి లోపల దాచుకున్న చప్పుడు బయటపెట్టదట. ఈ సిద్ధాంతాన్ని ఆయనకు ఎవరు ఉపదేశించారో తెలియదు గానీ, దాని మీద ఆయనతో వాదించి గెలిచిన మొనగాడు చేవెళ్ల రోడ్డు పొడుగునా వెతికినా దొరకడు.

ప్లాట్లు అమ్మే చెన్నయ్య ఒకసారి కొత్త కారు తెచ్చాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు, అంత కొత్త. వెనకద్దం కాస్త కదులుతోందన్నాడు. వీరేశం చిటికెలో బిగించి, "జర టెస్టు జేసి తెస్తనే" అని పట్టుకుపోయాడు. సాయంత్రానికి కారు తిరిగొచ్చింది. అద్దం అంగుళం కూడా కదలడం లేదు. కానీ సీట్ల మీద ప్లాస్టిక్ లేదు, సీటు కింద వంకాయలు దొర్లుతున్నాయి, డిక్కీ తెరిస్తే గుప్పున మేక వాసన కొట్టింది.

"మేకను గూడ ఎక్కించినవా వీరేశం?" అన్నాడు చెన్నయ్య ఏడుపుగొంతుతో.

"ఏం జెయ్యాలె మరి? మనుషులు తక్కువవడ్డరు. బరువు సాలలే."

బయటివాళ్లు ఒక్కరోజు పడ్డారు, వెళ్లారు. పాపం భార్య సుమిత్రమ్మది జన్మంతా ఇదే బతుకు. పెళ్లయిన కొత్తలో స్కూటర్ మీద సినిమాకు తీసుకెళ్తానన్నాడట. ఆమె మల్లెపూలు పెట్టుకుని వెనకాల కూర్చుంది. వీధి మలుపు తిరిగారో లేదో మడ్‌గార్డు కటకటమంది. బండి ఆపాడు, చెవి పెట్టి విన్నాడు, తల అడ్డంగా ఊపాడు, వెనక్కి తిప్పి ఇంటికి తెచ్చాడు. బరువు కోసం వాళ్లమ్మను కూడా ఎక్కించుకున్నాడు! "గట్ల మా అత్తను నడుమల కూసోవెట్టుకొని సినిమా సూసినం" అని సుమిత్రమ్మ ఈనాటికీ కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చిన ప్రతి గిరాకీకీ చెబుతుంది.

ఈ సంగతులేవీ తెలియని స్వప్నిక, ఒక మంగళవారం పొద్దున తన మోటార్‌హోమ్‌ను గడగడలాడించుకుంటూ తెచ్చి వీరేశం దుకాణం ముందు ఆపింది. ఆమెది గండిపేట. ఆఫీసు ఉద్యోగం మానేసి, పాత మినీబస్సు కొని, అందులో మంచాలు, పొయ్యి, సింకు, బుల్లి బాత్రూమ్ అన్నీ పెట్టించి కిరాయికి తిప్పుదామని మొదలుపెట్టింది. అన్నీ కుదిరాయి, కిటికీలు తప్ప. పక్కకు జరిపే ఆ అద్దాలు, బండి కదిలితే చాలు, పెళ్లివారింట్లో గిన్నెలు తోముతున్నట్టు మోగేవి. అనంతగిరి గుట్టలకని బయల్దేరిన మొదటి గిరాకీ, దారి మధ్యలోనే చెవులు మూసుకుని దిగిపోయి ఆటో ఎక్కింది.

ఆ తర్వాత స్వప్నిక సొంతవైద్యం చేసింది. సందుల్లో అట్టముక్కలు దోపింది. చాలక భర్త ప్రశాంత్ సాక్సులు దోపింది. చప్పుడు తగ్గలేదు గానీ, ప్రశాంత్ బూట్లు మానేసి చెప్పులతో ఆఫీసుకు పోవాల్సి వచ్చింది. చివరికి ఎవరో మహానుభావుడు చెబితే అద్దాలు జరిగే గాడిలో నూనె పోసింది. రోడ్డు మీది దుమ్మంతా వచ్చి ఆ నూనెకు అతుక్కుంది. దాంతో కిటికీలు తెరుచుకోవడం మానేశాయి, మోగడం మాత్రం మానలేదు.

గురువారం పొద్దున రెండో గిరాకీ ఉంది. చంటిబిడ్డ తల్లి. ఫోన్‌లో ఆమె పదే పదే చెప్పింది ఒకటే మాట, "పాప నిద్రపోవాలండీ. ఒక్కసారి లేచిందంటే ఇంక మా పని అయినట్టే." ఈ ప్రయాణం కూడా చెడితే బండి అమ్మేసి మళ్లీ ఉద్యోగంలో చేరతానని స్వప్నిక ప్రశాంత్‌కు మాట ఇచ్చేసింది. ఇచ్చినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. ఆ బండంటే ఆమెకు ప్రాణం మరి.

వీరేశం బండెక్కి, ఒక్కో అద్దాన్నీ వేలితో టకటకా కొట్టి చూశాడు.

"బిడ్డా, ఇవి ఇంటి కిటికీలు గదా?"

"అవునంకుల్. మా అపార్ట్‌మెంట్‌కు పెట్టినాయనే దీనికి గూడ పెట్టిండు."

"మీ అపార్ట్‌మెంట్ ఎప్పుడన్న చేవెళ్లకు పోయొచ్చిందా? రాలే. ఇల్లు కూసున్న జాగల కూసుంటది. గాడిల అద్దం గింత వదులున్నా దానికి ఫికర్ లేదు. బండి ఊకుంటదా, దుంకుతది. గాడి కడిగి లోపల మెత్తటి పట్టీ వెయ్యాలె, అద్దం సుట్టు రబ్బరు బిగియ్యాలె, గొళ్లేలన్ని మార్చాలె."

"సాయంత్రం దాక అయితదా?"

"పని సాయంత్రం దాక అయితది. బండి మాత్రం రేపిస్త. రేపు బుధవారం."

"పని అయినంక ఇంక ఆపుడెందుకంకుల్?"

"టెస్టుంటది."

కౌంటర్ వెనక నుంచి సుమిత్రమ్మ నవ్వాపుకుంటూ, "రేపు ఇంట్ల వంట జేసి పెట్టి రా బిడ్డా. జల్ది పోతననుకోకు" అంది.

బుధవారం పొద్దున్నే స్వప్నిక పరుగున వచ్చింది. కిటికీలు తళతళలాడుతున్నాయి. వేలితో తోస్తే మెత్తగా జరుగుతున్నాయి. ఆమెకు వీరేశం కాళ్లకు మొక్కుదామన్నంత సంతోషమేసింది. కానీ తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

"నడువు, చేవెళ్ల దాక పోయొద్దం. ఖాళీ బండి అబద్ధం చెప్తది" అని వీరేశం తాళంచెవి తానే పెట్టి తిప్పి, ఆమెను నడపమని పక్కసీట్లో ఎక్కి కూర్చున్నాడు.

చేవెళ్ల ఒకవైపైతే ఆయన రెండోవైపు తిప్పించాడు. పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ అనే పల్లెలో ఆపితే, అక్కడ అప్పటికే కొందరు ముసలివాళ్లు ఉతికిన బట్టలు కట్టుకుని, చేతుల్లో సంచులు పట్టుకుని, దారి చూస్తూ నిలబడి ఉన్నారు. చిన్న మంగళారంలోనూ అదే తంతు. బండికి బరువు కావాలని వీళ్లందరికీ ముందే ఎట్లా తెలిసిందో స్వప్నికకు అంతుపట్టలేదు. వీరేశం మాత్రం కలెక్టరు లెవెల్లో పనులు పంచుతున్నాడు.

"సాలవ్వా, నువ్వు వంటకాడి కిటికీ! అంతవ్వా, నువ్వు డోరు పక్కది! సప్పుడొస్తే చెప్పుర్రి. సత్తన్నా, నువ్వు ఎనకకు, మంచంకాడికి!"

సత్తయ్య అనే ఆ పెద్దాయన తలపాగా సర్దుకుని, కట్టె పట్టుకుని, బిర్రబిగిసిన మోకాలితో మెల్లగా ఎక్కాడు. మెట్టు చూసుకోమని స్వప్నిక ఎంత అరిచినా ఆయన వెనుదిరిగి చూడలేదు.

"ఆయనకు చెముడు బిడ్డా, చెవిల అరిస్తే తప్ప వినవడది" అంది వంట కిటికీ దగ్గర కూర్చున్న సాలమ్మ.

స్వప్నిక నోరు తెరిచింది. "అంకుల్! సప్పుడు వినెతందుకు వినవడని మనిషిని తెచ్చినవా?"

వీరేశం క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నాడు. "వినవడనోళ్లకు అదురు బాగ తెలుస్తది. సత్తన్న చెయ్యి పెట్టి సూస్తడు. బండి పోనీ, నువ్వు పోనీ."

సత్తయ్య నిజంగానే అద్దానికి అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడి మాదిరి ముఖం గంభీరంగా పెట్టి కూర్చున్నాడు. మిగతావాళ్లకు కిటికీల ధ్యాసే లేదు. సాలమ్మ పొయ్యి ముట్టించి చూసింది, మంచం మీద దొర్లి చూసింది, చివరికి బాత్రూమ్ తలుపు తీసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో దేవుడా! వండేది గీన్నే, పండేది గీన్నే, గది గూడ గీన్నేనా? ఏం కాలమొచ్చెనమ్మా!"

"సప్పుడు చెయ్యకుర్రి! సప్పుడు వినాలె!" అని వీరేశం అరిచాడు. బండిలో అందరికంటే పెద్ద చప్పుడు ఆయనదే.

చేవెళ్లలో దవాఖాన ముందుకు రాగానే ఆయన ఆపమన్నాడు. "జర సల్లారనియ్యాలె. వేడి మీద ఒక సప్పుడు, సల్లవడ్డంక ఒక సప్పుడు" అని చెప్పి, సత్తయ్య రెక్క పట్టుకుని దించి లోపలికి తీసుకెళ్లాడు. మిగతా ముసలివాళ్లు కూడా సంచుల్లోంచి మందుల చీటీలు తీసుకుని వెనకాలే నడిచారు.

స్వప్నికకు ఒళ్లు మండిపోయింది. రేపు గిరాకీ ఉందని ఆమె ప్రాణం కొట్టుకుంటుంటే, ఈయన ఆమె బండిని ఊరి బస్సు చేశాడు! ముందుగా బయటికొచ్చిన సాలమ్మను పట్టుకుని కడిగేసింది.

"ఏందవ్వా ఇది? టెస్టు అనుకుంట మీరు దవాఖానకు వచ్చిన్రా?"

సాలమ్మ నింపాదిగా చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చుంది. "గింత కోపం జెయ్యకు బిడ్డా. బుధవారం బుధవారం బీపీలు, షుగర్లు సూస్తరు. గందుకే ఆయన ఏ బండి బాగుచేసినా బుధవారమే ఇస్తడు. మేమంటే షేర్ ఆటోల వడి వస్తం. సత్తన్నకు మోకాలు వంగది, ఆటోల పట్టదు. బస్సెక్కలేడు. వీరేశం తిప్పక ముందు షుగర్ సూదులు మానేసి కిందవడ్డడు."

"మరి నాకు సీదా చెప్తే అయిపోవు గదా! నేను వద్దంటనా?"

"నీకు చెప్తే అయితది. సత్తన్నకు చెప్తే? ఆయన పటేలు లెక్క బతికినోడు. ఊరికే ఎక్కు, దింపుతం అంటే చచ్చినా ఎక్కడు. పనున్నదంటేనే వస్తడు. తను సెయ్యి పెట్టకుంటే వీరేశం దుకాణం నడువదనుకుంటున్నడు పాపం." సాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. "మాకంత తెలుసు. మాకు తెలుసని వీరేశానికి తెల్వది. తెలిస్తే సిగ్గువడి మానేస్తడు. గందుకే నేను ఎప్పుడు వోయినా ఏదో ఒక సప్పుడు వస్తున్నదని చెప్త. లేదంటే చిన్నవోతడు."

స్వప్నిక కోపం ఎటు పోయిందో పోయింది. లోపలి నుంచి వీరేశం, సత్తయ్య మెల్లగా వస్తున్నారు. సత్తయ్య అడుగుకు తగ్గట్టు వీరేశం తన అడుగు చిన్నది చేసుకుంటున్నాడు. అది చూసి స్వప్నిక వెళ్లి తలుపు తానే తీసి పట్టుకుంది.

తిరుగుప్రయాణంలో మొయినాబాద్ దగ్గర పడుతుండగా, వెనక నుంచి సత్తయ్య కట్టెతో నేల మీద టకటకా కొట్టాడు.

"ఓ వీరేశం! ఇది అదురుతున్నది!"

వీరేశం అలవాటుగా, "శభాష్ సత్తన్నా, సూస్త, సూస్త" అని కదలకుండా కూర్చున్నాడు.

"గాడ కూసునుడు గాదు, లేచి రా! గొళ్లెంకాడ అదురుతున్నది. నా సెయ్యి అబద్ధమాడదు."

వీరేశం మొక్కుబడిగా లేచి వెళ్లి, గొళ్లెం మీద వేలు పెట్టాడు. ముఖం పాలిపోయింది. అన్ని కిటికీల గొళ్లేలూ మార్చాడు, మంచం పక్కది మాత్రం మరిచిపోయాడు. సాలమ్మ కబుర్లలో ఆ చిన్న కిటకిట ఎవరి చెవికీ ఆనలేదు. సరిగ్గా ఆ మంచం మీదే రేపు పాప పడుకోవాలి. చెవిటివాళ్లకు అదురు తెలుస్తుందని గాలికి చెప్పిన మాట నిజమై కూర్చునేసరికి, వీరేశం సత్తయ్య చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్నేండ్ల సంది ఉత్తగ ఏసుకొని తిప్పుతున్నననుకున్న" అని తనలో తను గొణుక్కున్నాడు.

"ఏందంటున్నవ్?" అన్నాడు సత్తయ్య చెవి దగ్గరికి పెట్టి.

"నువ్వు లేకుంటే నా దుకాణం మునుగుతది అంటున్న!" అని వీరేశం బండి అదిరేట్టు అరిచాడు. ఈసారి అందులో అబద్ధమేమీ లేదు. దుకాణం చేరగానే గొళ్లెం మార్చాడు. సత్తయ్య చెయ్యి పెట్టి, తల ఊపాక గానీ తాళంచెవి స్వప్నిక చేతికి రాలేదు.

గురువారం అనంతగిరికి వెళ్లొచ్చిన ఆ తల్లి, రాత్రి ఫోన్ చేసింది. "పోయేటప్పుడూ నిద్రే, వచ్చేటప్పుడూ నిద్రేనండీ. ఇప్పుడు ఇంట్లో లేచి కూర్చుని అందరినీ జాగారం చేయిస్తోంది. మళ్లీ ఆదివారం బండి కావాలి." పక్కన కూర్చుని వింటున్న ప్రశాంత్, బండి అమ్మే మాట మింగేసి, "నా సాక్సులన్న ఇప్పియ్యి మరి" అన్నాడు.

తర్వాతి బుధవారం స్వప్నిక పిలవకుండానే వీరేశం దుకాణం ముందు బండి ఆపింది.

"అంకుల్, కిటికీల సప్పుడు మళ్ల మొదలైంది. జర టెస్టు జెయ్యాలె."

బండి వచ్చినప్పుడు చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు. వీరేశం కిటికీల వంక చూశాడు, స్వప్నిక వంక చూశాడు. గబగబా ఎక్కి కూర్చున్నాడు. సుమిత్రమ్మ కూడా గల్లాపెట్టెకు తాళం వేసి, "నేను గూడ వస్త, బరువుంటది" అంటూ ఎక్కింది.

చిన్న మంగళారంలో సత్తయ్య కట్టె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వీరేశం ఆయన చెవిలో, "కిటికీలు మళ్ల మోగుతున్నయట!" అని అరిచాడు. సత్తయ్య మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగి, డ్రైవరు సీట్లో ఉన్న స్వప్నికను ఎగాదిగా చూశాడు.

"ఏం పిల్లవమ్మా నువ్వు? మొన్ననే గదా అంత మంచిగ జేసి ఇచ్చినం! వారం దాటలే, అప్పుడే ఖరాబు జేసుకొచ్చినవా? వస్తువంటే జర పదిలం ఉండొద్దా?"

సాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వీరేశం బయటికి చూస్తూ కూర్చున్నాడు. స్వప్నిక స్టీరింగ్ వదిలి, పెద్దాయనకు స్పష్టంగా కనపడేట్టు ఇటు తిరిగి, తప్పయిందని రెండు చెంపలూ వేసుకుంది.