దశరథం గారి స్టాప్‌వాచ్

దశరథం గారికి లోకంలో దేనివల్లనైనా మేలు కలుగుతుందన్న నమ్మకం లేశమైనా లేదు. ఎవరేది చేసినా మెడలోని స్టాప్‌వాచ్ నొక్కి, కాసేపు చూచి, "ఫలితం శూన్యం" అని తీర్పు చెప్పేవారు. మోకాళ్ల నొప్పికని బీచుపల్లి అంజన్న గుడికి పదకొండు ప్రదక్షిణలు చేసి, మెట్లు దిగడానికి పట్టిన కాలాన్ని కొలిచి, స్వామివారికీ అదే తీర్పు వినిపించారట. మరుసటి శనివారం మళ్లీ వెళ్లారు. అదేమంటే, ఒక్కసారి చూస్తే తెలియదన్నారు.

పదవీ విరమణ చేసిన ఈ లెక్కల మాస్టారిని భార్గవి ఏరికోరి పనిలో పెట్టుకున్నది. క్షణం ఒకచోట నిలువని, చెప్పినది చెవికెక్కని నాలుగేళ్ల పిల్లలను ఓర్పుతో కుదురుకు తెచ్చుకొనే విధం తల్లిదండ్రులకు నేర్పే శిక్షణ ఆమెది. అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి గద్వాల, పెబ్బేరులలో అరవై ఇళ్లను ఎంచి, సగం ఇళ్లకు ముందుగా నేర్పి, తక్కినవాటిని నాలుగు నెలలు ఆగమన్నారు. పిల్ల ఒకే ఆటలో ఎన్ని నిమిషాలు కూర్చున్నదో మొదట ఒకసారి, చివర ఒకసారి కొలవడం మాస్టారి పని. రెండు సగాలకూ తేడా కనబడకపోతే శిక్షణ మూతబడుతుంది. ఆగిన ముప్పై ఇళ్లకూ ఇక అది అందదు.

తేడా కనబడలేదు. నేర్చిన ఇళ్ల పిల్లలు కుదురుకున్నారు. నేర్వని ఇళ్ల పిల్లలూ అంతే కుదురుకున్నారు. భార్గవి లెక్కను నాలుగుసార్లు తిరగవేసి తల పట్టుకున్నది. మూడేళ్ల శ్రమ మట్టిపాలైంది. దిక్కుతోచక మాస్టారి వంక చూస్తే, ఆయన యథాప్రకారం "ఫలితం శూన్యం" అన్నారు. ఆ పూట ఆమెకు ఆ స్టాప్‌వాచ్‌ను కృష్ణలో పారవేయాలనిపించింది.

ఇక శిక్షణ రాదని చెప్పడానికి, ఆగిన ఇళ్లలో ఒకటైన గద్వాల యమున ఇంటికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. యమున మగ్గం గుంటలో కూర్చొని చీర నేస్తున్నది. నాలుగు నెలల క్రితం నూలంతా చిక్కుపెట్టి తల్లిని ఏడిపించిన కూతురు కావ్య, పక్కనే కూర్చొని అడిగిన రంగు నూలు కండె ఒక్కొక్కటే అందిస్తున్నది.

భార్గవి సంగతి చెప్పింది.

"ఇంకేం నేర్పుతరు మేడం?" అన్నది యమున. "లెక్కల సారు బేస్తవారం బేస్తవారం వచ్చి అన్ని చూపిచ్చిండు కద. ఒక్కపారి ఒక్క పనే చెప్పాలె, చేస్తే ఎంటనే మెచ్చుకోవాలె అని. గడియారం వట్టుకొని పిల్ల ముంగట నేల మీద్నే కూసుంటుండె."

గుమ్మం దాటేటప్పుడు మాత్రం ఏమీ లాభం లేదని పెదవి విరిచేవారట. శిక్షణ తరగతుల్లో వెనుక వరుసన కూర్చొని కునుకు తీస్తున్నారనుకున్న మనిషి, పాఠమంతా పట్టి, ఆగిన ముప్పై ఇళ్లకూ వారాలు పంచి తిరిగారన్నమాట.

ఆఫీసుకు రాగానే భార్గవి నిలదీసింది. "ఆగుమన్నోళ్లకు నేర్పినంక పరీక్ష ఏముంటది సార్? అంత ఆగమైపాయె."

మాస్టారు స్టాప్‌వాచ్ అద్దం తుడిచారు.

"నాలుగేండ్ల పిల్లను నాలుగు నెల్లు ఆగుమని ఎట్ల చెప్పాలె బిడ్డా? దాని వయసే నలభై ఎనిమిది నెల్లాయె."

ఆపై జేబులో వారం రోజులుగా నలిగిన కాగితం తీసి అందించారు. కొలిచినవాడే నేర్పినందున ఈ కొలతలు చెల్లవనీ, తప్పు శిక్షణది కాదు తనదనీ, తనను తొలగించి మరొకరిచేత కొత్త ఇళ్లలో మళ్లీ కొలిపించవలెననీ శిక్షణకు డబ్బిచ్చే పైవారికి రాసిన విన్నపమది. వారు ఒప్పుతారన్న ఆశ ఆయనకు ఎలాగూ లేదు.

భార్గవి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తన సంతకమూ చేసి, ఆయనకు చాయ్ తెప్పించింది. మాస్టారు స్టాప్‌వాచ్ నొక్కి, కప్పు ఖాళీ చేసి, కాసేపు చూచారు.

"శూన్యం," అన్నారు. "ఇంకొకటి చెప్పు బిడ్డా. ఒక్కపారి చూస్తే తెల్వదు."