సీసాలో నీళ్ళు

ఒక మే నెలలో పటమట నుంచి కొల్లేరు దాకా సైకిలు తొక్కాను. ఆ సరస్సు గురించి లైబ్రరీలో దొరికినవన్నీ చదివిన ధీమాతో దారి కూడా ఎవరినీ అడగలేదు. ఒక చేపల చెరువు గట్టు మీద, కర్ర పట్టుకున్న మనిషి అడ్డం నిలబడ్డాడు. దొంగేమోనని సంచి గట్టిగా పట్టుకున్నాను.

"ఆ సీసాలో ఏంటండీ?"

"మంచినీళ్ళు."

"అయితే తాగి చూపించండి."

కోపంతో మిగిలిన నీళ్ళన్నీ తాగేశాను.

"ఏమనుకోకండి. నేనీ చెరువు కాపలా. మొన్న పక్క చెరువులో ఎవరో పురుగుమందు కలిపారు. చేపలన్నీ తేలిపోయాయి. సీసాతో ఎవరొచ్చినా తాగాల్సిందే."

తన కుండలో నీళ్ళతో నా సీసా నింపి చాపాడు. నా చెయ్యి ముందుకు రాలేదు. అతను అది చూసి, సీసా ఎత్తి ఓ గుక్క నోట్లో పోసుకున్నాడు.

"ఇక తాగండి మాస్టారూ."