అక్క కుడికన్ను

నాకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ కోపానికే మా అక్క కుడికన్ను పోయింది. చింతామణి దగ్గర మా మల్బరీ తోటలో ఆ రోజు ఇద్దరం ఆకు కోస్తున్నాం. ముందురోజు నేను పట్టుపురుగులకు మేత వేయడం మరిచిపోయానని అమ్మకు చెప్పినందుకు అక్కమీద మండిపడుతున్నాను. అడ్డొచ్చిన కొమ్మను ముందుకు వంచి, అక్క వెనకే వస్తున్నదని తెలిసే వదిలేశాను.

"నేనే చూసుకోకుండా కొమ్మకు తగులుకుంటిని మా" అని అక్క అమ్మకు చెప్పింది. అమ్మ ఎవరో చెప్పిన ఆకుపసరు కంట్లో పిండింది. అలా వారం గడిచిపోయాక ఆసుపత్రికి పోతే, కంటిలో చితికిన లెన్సును తీసేశారు. దాన్ని పట్టి ఉంచే పొర కూడా చిరిగిపోయిందని కొత్తది పెట్టలేదు.

ఇరవై ఏళ్లు అక్క ఒంటికంటితోనే పురుగులు పెంచింది. గూడు కట్టడానికి పండిన పురుగును వెలుతురుకు ఎత్తి చూస్తే ఒళ్లు తేనెరంగులో మెరుస్తుంది. అలాంటివి ఏరి, అవి గూళ్లు అల్లుకునే వెదురు తట్టలు, చంద్రికలమీద వేయాలి. ఆ పనిలో మా ఊళ్లో అక్కను మించినవాళ్లు లేరు. పోయినేడు ఆ మంచి కంటికీ నీటికాసులు వచ్చి చూపు సన్నగిల్లింది. పోయిన చూపు తిరిగిరాదన్నారు. ఇక మిగిలింది నేను పాడుచేసిన కన్నే.

చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మ ఓపికగా వివరించింది. మామూలుగా లెన్సు లోపలి పొర సంచిలో కూర్చుంటుందట. అక్కకు ఆ సంచే లేదు కాబట్టి, కొత్త లెన్సు రెండు కొసలను కంటి తెల్లగోడలోకి దూర్చి నిలబెడతారట.

"లెన్సు నిలబడుతుంది. కంటి వెనకభాగానికి తగిలిన పాత దెబ్బ సంగతి మాత్రం చెప్పలేను. ఇంతకీ దెబ్బ ఎట్లా తగిలింది?"

నేను నోరు తెరిచాను. అక్క నా చెయ్యి నొక్కి, "నేనే చూసుకోలేదమ్మా" అంది. సిగ్గులేకుండా నేనూ తలూపాను.

లెన్సు బాగానే కూర్చుంది. చూపు మాత్రం మనిషి ఆకారం తెలిసేంతే వచ్చింది. ఇంతకుమించి రాదని డాక్టరమ్మ తేల్చి చెప్పిన రోజు, "నువ్వు లావైనట్టుండావే" అని అక్క నవ్వింది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

మొన్న పురుగులు పండే రోజున అక్క నాకంటే ముందే షెడ్డులోకి వచ్చింది. ఒక పురుగును కిటికీ వెలుతురుకు ఎత్తి, కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పండినట్టే ఉండాది గదే?"

పురుగు ఇంకా తెల్లగా, పచ్చిగా ఉంది. ఇంకో రోజైనా మేత తినాలి.

"పండిందక్కా" అన్నాను.

ఆమె దాన్ని చంద్రికమీద జాగ్రత్తగా పెట్టి ఇంకోదానికోసం చెయ్యి చాచింది. నేను ఆమె వెనకే నడుస్తూ, ఆమె పెట్టిన పచ్చి పురుగులను ఒక్కొక్కటే తీసి, చప్పుడు కాకుండా మళ్లీ ఆకుమీద వేశాను.